ఉప్పు పేకెట్టు

రాత్రి పదకొండున్నరకి కబురొచ్చినాది,
కాటా అట్టుకుని టేసనుకి రమ్మని.

కాశీబుగ్గలో జీడిపిక్కలు కొనేవోళ్లం శానామందిమున్నాం.
రైల్వే పోలీసులకి నా కొట్టు దగ్గర. అంతే,
నన్ను ఏరుకోడానికి ఇంకో కారణం నేదు.
తోపుడుబండి మీద కాటా ఎక్కించి
పలాస పట్టాల పక్కనించి తోసుకెల్లినాను.

ప్లాట్‌ఫారం సివర గోనెసంచీ. దాని పక్కన గుంటడు.
పంతొమ్మిదేళ్లట. సూత్తే పదహారు కూడా నేవు.
ఇలియాసు గొమాంగో. మోహనకి అవతల ఏదో కొండూరు.
సెన్నై దాకా మోసినందుకు ఆరువేలు,
ముందుగా పదిహేనొందలు, ఒక జత బూట్లు.
బూట్లు ఆడి కాళ్లకి పెద్దవి.
సంచీ ఎవడిదిరా అంటే ఫోను సూపిస్తన్నాడు.
ఫోన్లో ఆ నంబరు పేరు "అన్న".
అన్న స్విచ్చాఫ్.

జాగిలం దాని పని అయిపోయి బెంచీ కింద తొంగుంది.
వీఆర్వో గారొక మధ్యవర్తి, రెండో మధ్యవర్తిని నాను.
ఎస్సై హైమావతి మేడంగారు
గోధుమరంగు టేపు కోయించి
ఒక్కో పొట్లం పైకి తీయించినారు.
"సంచీ వద్దు. టేపు వద్దు. సరుకు బరువే రాయాలి."

పంతొమ్మిది కేజీల ఏడొందలు.

వీఆర్వో గారు నా సెవిలో అన్నారు:
"ఇరవై దాటితే సెక్షను మారిపోద్ది.
పదేళ్లకి తక్కువుండదు. బతికిపోనాడు."

నా అరిసేతులు తడిసిపోనాయి.
నా కాటా సంగతి నాకు తెల్సు.
కేజీకి పాతిక గ్రాములు మింగుద్ది.
రిపేరోడు రెండొందలు పుచ్చుకుని నేర్పిన మింగుడు.
ఉద్దానం రైతు ఎనభై కేజీల బస్తా దించితే
డెబ్భై ఎనిమిది అంటాది.
ఆరేళ్లనించీ అంటానే ఉంది.

మా అక్క కొడుకు గేపకానికొచ్చినాడు.
ఈ సరుకే. ఇన్ని పొట్లాలు కాదు, సిటికెడు.
పిక్కలొలిచి నల్లబడిన ఆవిడ సేతిలోంచి
వారం కూలి లాక్కుని పరిగెట్టినాడు.
గాజుముక్క మణికట్టులో ఉండిపోనాది.
శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో నలభై రోజులున్నాడు,
ఇప్పుడు గోడేపు తిరిగి కూకుంటాడు.
ఆణ్ని తలుసుకుంటే నిజం సెప్పీయాలి.
ఈ బూట్లు సూత్తే నోరు రాదు.
మజ్జిలో నా కాటా ఒకటి,
నిజం సెప్తే ముందు దొరికే దొంగని నానే కదా.

మేడంగారు సంచీని సూడనేదు, నా మొకం సూసినారు.
"టీకొట్లో కేజీ ఉప్పు పేకెట్టుంటే తెండి" అన్నారు.
తెచ్చినారు. కాటా మీద పెట్టినారు.

తొమ్మిదొందల ఎనభై.

ఎవురూ మాటాడనేదు.
గూడ్సు బండి ఒకటి శానాసేపు ఎల్లినాది.
"మా అమ్మ కూడా పిక్కలమ్మేది, మందసలో" అన్నారావిడ.
నాతో కాదు, కాటాతో.

పార్సిలాఫీసు కాటా తెప్పించినారు.
ఇరవై కేజీల రెండొందలు.

గుంటడికి తెలుగు రాదు. ఏమయినాదో తెలీదు.
బొటనవేలు నోటి దగ్గిరెట్టి నీళ్లడిగినాడు.
మేడంగారు సీసా మూత తీసిచ్చినారు.
బేడీల సేత్తో సగం తాగి సగం సొక్కా మీద పోసుకున్నాడు.

లక్క కరిగించి సీళ్లేసినారు.
"పేరు అర్థమయ్యేటట్టు రాయండి."
తామాడ కూర్మయ్య, జీడిపిక్కల వ్యాపారం.
వ్యాపారం కాడ పెన్ను ఆగినాది.
పంచనామా నాలుగు పేజీలు. అందులో
అన్న బరువు ఎక్కడా నేదు. నాదీ నేదు.

తెల్లారి కొట్టు తీసినాను.
కాటాతో బాటు ఉప్పు పేకెట్టు కూడా వొచ్చేసినాది,
ఎవురు పెట్టినారో.
తియ్యబుద్ధి కానేదు.
ఎర్రంకెలు అలాగే ఎలుగుతన్నాయి.

ఉద్దానం రైతు బస్తా దించి, తువ్వాలుతో మెడ తుడుసుకుని
కాసేపు కాటాకేసి సూసినాడు.
"ఏటి బావూ,
ఉప్పు కూడా తూస్తన్నావేటి?"